మూత సరుకు ఏరిపారేసిన గురువారం

తమిళుల ఆడి నెల మూడో శుక్రవారం, పొద్దున సరిగ్గా పదిన్నర గంటలు. కోవిల్‌పట్టిలో మా సంఘం కల్యాణ మండపం వెనక గదిలో, మదురై నుంచి వచ్చిన ఒకావిడ ఆరో కంప్యూటర్ ముందు నిలబడి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "ఏమ్మా, అక్షరాలు ఇంత పెద్దగా ఉన్నాయేమిటి?" అని అడిగింది. తెర మీద ఒక్కొక్క అక్షరం ఇడ్లీ అంత ఉంది. జవాబు నాకు తెలుసు. తెలిసిన జవాబు నా నోట్లోంచి బయటికి రాకపోవడం అదే మొదటిసారి.

ఆ రోజుల్లో నాకు లోకమంతా రెండే కుప్పలు: మనది, మనది కానిది. తప్పు నాది కాదు, నా ఉద్యోగానిది. మండపం పాత్రల గది తాళంచెవి ఇరవై ఏళ్ళుగా నా కొంగునే ఉంది. పెళ్ళయిన మర్నాడు ఆండాలు, గుండాలు, తాంబాళాలు, గరిటెలు అన్నీ కలిసిపోయి గుట్టగా పడి ఉంటాయి. వంటవాళ్ళవి, పెళ్ళివారివి, పక్క వీధివాళ్ళు సాయానికి ఇచ్చినవి, మావి. మండపం పాత్ర అయితే అంచు మీద మూడు చుక్కలు కొట్టి ఉంటాయి. చుక్కలు లేనిది ఏదైనా సరే, వెండిదైనా సరే, వరండాలోకి గెంటేదాన్ని. ఎవరిదో వాళ్ళే వచ్చి తీసుకుపోతారు. చుక్కలు చూడటానికి చదువు అక్కర్లేదు. కానీ పాత్రల మీద ఇచ్చినవాళ్ళ పేర్లు చెక్కి ఉంటాయి కదా, అవి చదవలేక ఒకసారి ఒకరి పాయసం గుండాన్ని ఇంకొకరింటికి పంపేశాను. ఆ రెండిళ్ళకీ అప్పటికే మాటల్లేవు. (ఇప్పటికీ లేవు. అందులో కొంత పుణ్యం నాది.) ఆ గొడవ తరువాతే, నలభై నాలుగో ఏట, సాయంత్రం బడికి పోయి తమిళ అక్షరాలు నేర్చుకున్నాను. ఇంట్లో మాట్లాడుకునే తెలుగుకు కూడా అక్షరాలున్నాయని, వాటినీ నేర్చుకోవచ్చని తెలిసింది ఇంకా చాలా ఆలస్యంగా. అందుచేత ఈ కథ నాటికి నా వయసు యాభై మూడు, నా చదువు వయసు తొమ్మిది. తొమ్మిదేళ్ళ పిల్లకి ఎంత తెలివి, ఎంత పొగరు ఉంటాయో అంతా ఉండేవి.

సాయంత్రం బడిలో చదివిన ఆడవాళ్ళం పదకొండుమందిమి, ఇక కంప్యూటర్ కూడా పట్టేద్దామని తీర్మానించుకున్నాం. పాతవాటిని బాగుచేసి ఊళ్ళకిచ్చే ఒక చిన్న బృందం మదురై నుంచి ఆరు కంప్యూటర్లు పంపింది. వాటిని నడిపే సాఫ్ట్‌వేర్ పేరు లినక్స్. విరుదునగర్‌లో ఒక కాలేజీ ల్యాబ్‌లో పనిచేసే మా చెల్లెలి కూతురు ప్రతి ఆదివారం బస్సెక్కి వచ్చి మాకు నేర్పేది. ఒప్పందం ఏమిటంటే, ఆరు నెలలయ్యాక బృందం నుంచి ఒకావిడ వచ్చి చూస్తుంది. సరిగ్గా చూసుకుంటున్నాం అనిపిస్తే ఆరూ మాకే ఉండిపోతాయి. లేదంటే వ్యాను ఎక్కి అరుప్పుకోట్టై నేతవాళ్ళ సంఘానికి వెళ్ళిపోతాయి. వాళ్ళు అప్పటికే అడిగి ఉన్నారు. మాలో ఒకామె టైపు చేసి మునిసిపాలిటీకి కుళాయి గురించి అర్జీ పెట్టింది, ఇంకొకామె మొగుడికి తెలియకుండా మొగుడి మీద నాలుగు పేజీలు రాసి దాచుకుంది. ఆ గది పోతే మా పదకొండుమందికీ రాత మళ్ళీ పాల చీటీ దగ్గరే ఆగిపోయేది. పైగా మండపం పెద్ద, మేమంతా పందిరి అన్న అని పిలిచే మనిషి, ఆ గది ఎప్పుడు ఖాళీ అవుతుందా, తన పందిరి గుంజలు ఎప్పుడు పేర్చుకుందామా అని రోజూ గుమ్మంలో నిలబడి కొలత వేసుకునేవాడు.

ఆడి నెలలో పెళ్ళిళ్ళు ఉండవు, మండపం ఖాళీ. అందుకే మదురై ఆవిడ ఆ నెలలో వస్తానని ముందుగా తమిళంలో ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం నేనే చదువుతానని పంతం పట్టాను. రోజుకు కొంచెం చొప్పున మూడు రోజులు పట్టింది. చివరి వరసలో స్పష్టంగా ఉంది: "మీ కంప్యూటర్లలో స్వేచ్ఛ లేని సాఫ్ట్‌వేర్ ఏముందో కనిపెట్టి సిద్ధంగా ఉండండి." మడిచి జాకెట్లో పెట్టుకుని చెల్లెలి కూతురికి ఫోన్ చేశాను.

"స్వేచ్ఛ లేనిదంటే ఏందే?"

"మూత బెట్టిన సరుకు పెద్దమ్మా. లోపల ఏముందో సూడనియ్యరు, మార్సనియ్యరు, పక్కింటోళ్ళకి ఇయ్యనియ్యరు. మన లినక్స్‌లో ముక్కాలు వాసి అట్ల కాదు, అన్నీ తెరిసే ఉంటాయి. కొన్ని మాత్రం మూతతో వొచ్చుంటాయి."

"అవి మనవి కాదు, అంతే గదా?"

"అంత సులువుగా సెప్పేస్తే ఎట్ల? నోట్టుబుక్కులో రాసిచ్చిన వరసుంది సూడు, అది కొడితే జాబితా ఇస్తాది. జాబితా తీసి పెట్టు, సాలు. శుక్రవారం తొమ్మిదిన్నరకి నేనొస్తా, ఇద్దరం కూసోని సూద్దాం."

చాలు అని ఆ పిల్ల చెప్పింది. చెప్పలేదని ఇప్పుడు అబద్ధమాడను.

గురువారం మధ్యాహ్నం భోజనం చేసి గది తాళం తీశాను. నోటుబుక్కు పక్కన పెట్టుకుని, ఇంగ్లీషు అక్షరాలను ఒక్కొక్కటే ముగ్గు చుక్కల్లా పోల్చుకుంటూ కొట్టాను. కంప్యూటర్ కాసేపు ఆలోచించి ఏడు పేర్లు చూపించింది. ఏడు! వందల సరుకుల మధ్య ఏడు పరాయి పాత్రలు! నా చెయ్యి ఊరుకుంటుందా? అదే నోటుబుక్కులో ఇంకో పేజీలో, అక్కర్లేనిదాన్ని ఆనవాలు లేకుండా తీసేసే వరస కూడా ఉంది. మొదటి పేరు పెట్టి కొట్టాను. కంప్యూటర్ నన్ను ఏదో అడిగింది. ఇది తీస్తే దీన్ని పట్టుకుని ఉన్న ఇంకో రెండు కూడా పోతాయి, సరేనా అని దాని అర్థమట. పెళ్ళిలో మేనమామ అలిగి లేస్తే వెనకాలే ఆయన పంక్తి అంతా లేచిపోయినట్టు. ఆ భాష నాకు రాదు కాబట్టి, మర్యాదకి అడుగుతోంది పాపం అనుకుని సరే నొక్కాను. ఏడుసార్లు నొక్కాను. తరువాత రెండో మిషన్. తరువాత మూడోది. చీకటి పడక ముందే ఆరింటినీ కడిగేశాను. మళ్ళీ జాబితా అడిగితే సున్నా అంది. ఇంటర్నెట్ వస్తోంది, తెర బాగానే ఉంది, ఏమీ చెడలేదు. మిషన్లు ఆపి ఇంటికి పోయి, నా తెలివికి నేనే మెచ్చి గుంతపొంగణాలు పోసుకుని తిన్నాను. (తరువాత తెలిసింది: నడుస్తున్న మిషన్ ఆ సరుకును అప్పటికే లోపలికి తీసుకుని ఉంటుందట. ఆపి మళ్ళీ వేస్తేనే గాని పోయిందని దానికి తెలియదట.)

శుక్రవారం తొమ్మిదికి మీట వేశాను. ఇడ్లీలు అప్పుడు కనిపించాయి. ఒకటో మిషన్, రెండో మిషన్, వరసగా ఆరింటిలోనూ ఇడ్లీలే. ఇంటర్నెట్ గుర్తు ఉండాల్సిన చోట ఏమీ లేదు. తీసేసినవాటిని మళ్ళీ తెద్దామంటే అవి ఇంటర్నెట్‌లో ఉన్నాయి, ఇంటర్నెట్ తెచ్చేది నేను తీసేసినవాటిలో ఉంది. నా వరండాలో అయితే గెంటిన పాత్ర మూడు రోజులైనా అక్కడే పడి ఉండేది. ఇక్కడ వరండా లేదు. చెల్లెలి కూతురు ఎక్కిన బస్సు సాత్తూరులో టైరు పోయి ఆగింది. ఆ పిల్లా, మదురై ఆవిడా ఒకేసారి గుమ్మంలోకి వచ్చారు.

అదీ పదిన్నర గంట సంగతి. ఆవిడ అడిగిన ప్రశ్నకు నేను నోరు తెరవకపోయేసరికి పందిరి అన్న ముందుకొచ్చి తమిళంలో ఎత్తుకున్నాడు. "నిన్న కరెంటు పోయి పోయి వచ్చిందమ్మా, మిషన్లన్నీ చెడిపోయాయి. పాతవి కదా. మీరు వ్యాను తెచ్చుకుంటే మా మనుషులే ఎక్కిస్తారు." అప్పుడు గాని నాకు నోరు రాలేదు.

"అన్నా, నువ్వూరుకో. నీ గుంజలకి కాళ్ళొచ్చి నడిసొస్తా ఉండాయి. కరెంటూ లే, గిరెంటూ లే. నేనే తీసేసినా."

"ఏం తీసినావు పెద్దమ్మా?" అంది మా పిల్ల.

"మూత సరుకంతా."

"అంతానా? వైఫైదా?"

"పేరు సదివి తియ్యలే. జాబితాలో ఉండేది, తీసినా."

"ఆరిట్లోనా?"

"ఒకదాంట్లో తీసి ఒకదాంట్లో ఉంచితే బాగుంటాదా?"

ఆ పిల్ల బెంచీ మీద కూలబడి, "ఉత్తరం ఏది? ఇట్ల తియ్," అంది. జాకెట్లోంచి తీసి ఇచ్చాను. ముందు చదివింది, తరువాత తిప్పింది. వెనక వైపు కూడా రాసి ఉంది! నేను తొమ్మిదేళ్ళుగా చదివినదంతా ఎక్కువగా పాత్రల మీద. ఆండాకు పేరు ఒక పక్కనే చెక్కుతారు. తిప్పి చూసే అలవాటు ఎక్కడినుంచి వస్తుంది? వెనక వైపు ఇలా ఉంది: "వాటిలో మీకు తప్పనివి ఏవి, వద్దనుకునేవి ఏవి, ఎందుకు అనేది రాసి ఉంచండి. మేము వచ్చేవరకు ఏదీ తీయవద్దు."

మా పిల్ల ఆ చివరి మాటను పైకే చదివింది. పందిరి అన్న గోడ పొడవు చూసుకుంటున్నాడు. మదురై ఆవిడ తానే కూర్చుని జాబితా అడిగింది. సున్నా అంది కంప్యూటర్. ఆవిడకి ముందు దగ్గు వచ్చింది, తరువాత అది నవ్వని తెలిసింది. "ఇంత శుభ్రమైన మిషన్ను నేనెక్కడా చూడలేదమ్మా," అంది కళ్ళు తుడుచుకుంటూ. "ఇంత పనికిరానిది కూడా చూడలేదు. సరే, తీసింది మీరే కదా. ఏది తిరిగి రావాలో కూడా మీరే చెప్పాలి. కారణం చెప్పలేనిది రాదు."

మా పిల్ల తన ఫోన్‌ను వైరుతో మిషన్‌కు తగిలించి, ఫోన్ ద్వారానే ఇంటర్నెట్ తెప్పించింది. మదురై ఆవిడ ఒక్కొక్క పేరే చదివి అది చేసే పని చెప్పడం, నేను తీర్పు చెప్పడం.

"ఇది వైఫైది. ఎందుకు?"

"గోడలోంచి వైరు లాగాలంటే మా పందిరి అన్న ఒప్పుకోడు. కావాలి."

"ఇది తెరది. అక్షరాలు పెద్దవైతే మీకే కదా సులువు?"

ఇక్కడ నాకు కొంచెం కోపం వచ్చింది. "అమ్మా, మావాళ్ళు ఒక వాక్యం మొదలుపెట్టి చివరికి వచ్చేసరికే మొదలు మరిచిపోయేవాళ్ళు. తెరకి నాలుగు మాటలే పడితే, ఐదో మాటకి పోయేసరికి మొదటిది ఎగిరిపోతుంది. కావాలి."

ఆవిడ ఏదో రాసుకుంది. "ఇది ప్రింటర్‌ది. దీనికి బదులు మూత లేనిది ఒకటుంది, కాస్త నిదానంగా అచ్చు వేస్తుంది."

"మాకంటే నిదానమా?"

"కాదు."

"అయితే అదే వెయ్యండి."

మూటగట్టి పంపిన ఫైళ్ళను విప్పేదానికీ మూత లేనిది దొరికింది. అక్షరాల అచ్చులు, అంటే ఫాంట్లు, రెండింటికి బదులు మూత లేని తమిళ అచ్చులు ముందే ఉన్నాయట, ఎవరూ చూసుకోలేదు. చివరిది వీడియోలు ఆడించే ముక్క. "ఇది ఎవరు వేయించారు?" అని ఆవిడ అడిగింది. వెనక వరసలోంచి అర్జీ వదిన మెల్లగా, "మద్యానం సీరియలు తప్పిపోతా ఉండె, పాపని నేనే అడిగి ఏయించుకుంటి," అంది. మా పిల్ల నేల చూసింది. (ఆరు నెలలుగా మా క్లాసు మధ్యాహ్నం రెండింటికే ఎందుకు మొదలవ్వాలని వదిన పట్టుబట్టిందో అప్పటికి అర్థమైంది.)

"వద్దు," అన్నాను నేను.

"వొదినా!" అంది అర్జీ వదిన, ఇంట్లో ఎవరో పోయినట్టు.

"సీరియలు ఇంట్లో సూసుకో. ఈడ రాసేదానికి వొచ్చినాము."

ఏడింటిలో రెండే తిరిగి వచ్చాయి. మొదటి మిషన్ తెర చిన్న అక్షరాలతో వెలిగేసరికి పదకొండుమందిమీ పిల్లల్లాగా చప్పట్లు కొట్టాం. మిగతా ఐదింటికీ నన్నే కొట్టమన్నారు, కొట్టాను. ఈసారి కంప్యూటర్ అడిగిన ప్రతి ప్రశ్నకూ ఆగి, మా పిల్లతో అర్థం చెప్పించుకుని గాని సరే నొక్కలేదు. ఆ రెండింటి పేర్లు, ఎందుకు ఉంచుకున్నామో కారణాలు ఒక కాగితం మీద నా చేత్తో రాయించి, మదురై ఆవిడ తన ఫారం తీసింది. బాధ్యులు అన్నచోట మా పిల్ల పేరు ముందే అచ్చు వేసి ఉంది. దాన్ని కొట్టేసి, "మీ పేరు రాసి సంతకం పెట్టండమ్మా, మిషన్లు ఇక మీవి," అంది.

పందిరి అన్న నిట్టూర్చి, "సరి, గుంజలు మేడ మీదకే ఎక్కిస్తా. ఎవురైనా కాపీ తాగుతారా?" అన్నాడు. అందరికీ కావాలన్నాం. ఆయనే పోయి తెచ్చాడు.

ఆ గదిలో ఇప్పుడు కొత్త మిషన్లు ఉన్నాయి, పాతవాటిలో రెండే మిగిలాయి. ఏడాదికి రెండుసార్లు జాబితా తీసి చూస్తాం. ఆ పని నాకంటే చిన్నవాళ్ళు నాకంటే బాగా చేస్తున్నారు, నేను పక్కన కూర్చుని పల్లీలు తింటాను. ఈ మధ్య ఫోన్ ఏది అడిగినా నొక్కాలా వద్దా అని పదిసార్లు ఆలోచించి, చివరికి ఎవరికో చూపించి గాని నొక్కను. అలాంటప్పుడు, తనకు రాని భాషలో అడిగిన ప్రశ్నలకు ఆరు మిషన్ల మీద ఏడేసిసార్లు హాయిగా సరే నొక్కి, ఇంటికి పోయి గుంతపొంగణాలు పోసుకున్న ఆ మనిషి గుర్తుకొస్తుంది. నవ్వొస్తుంది. నిజం చెప్పాలంటే, కాస్త అసూయ కూడా.

ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్ళం: మదురై ఆవిడ, మా చెల్లెలి కూతురు, పందిరి అన్న, అర్జీ వదిన, నాలుగు పేజీల చెల్లి, పెద్ద తోటికోడలు, చిన్న తోటికోడలు, అగ్గిపెట్టెల అక్క, ఇనాంపట్టి పిన్ని, ఆమె చెవిటి అత్త, పూలక్క, మూడో వీధి టీచరమ్మ వాళ్ళ అమ్మ, పక్కింటి కోడలు, చదువుకు కాకుండా మాతో ఊరికే వచ్చి, నిద్రపోయి చప్పట్లకు లేచిన మా మేనత్త, నేను.