పనీర్ రాని పెళ్ళిలో పనసపొట్టు

మా చిన్నతనంలో ఓ వేసవి ఉదయం నిద్ర లేచి చూస్తే... పిన్ని పెళ్ళిపందిరి పక్కింటి పెంకుల మీద ఉంది!

రాత్రంతా గాలివాన. రామచంద్రపురం దగ్గరి మా అమ్మమ్మగారి ఊళ్ళో కరెంటు స్తంభాలన్నీ నేలకొరిగాయి. కాకినాడ నుంచి రావలసిన కేటరింగువారు “రోడ్డు తెగిపోయిందండి, రాలేమండి” అని ఫోను పెట్టేశారు. మర్నాడే పెళ్ళి. ఆ ముహూర్తం తప్పితే మూఢం... మళ్ళీ నెలల తరబడి ఆగవలసిందే. పెళ్ళివారిది పక్క ఊరే. కాలవగట్టు మీదుగా ట్రాక్టరులో వచ్చేస్తామని కబురంపారు. వస్తారు సరే... పెట్టేదేమిటి?

“వాయిదా వేద్దామే అమ్మా” అన్నాడు మావయ్య. పిన్ని గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

“మేమింకా బతికే ఉన్నాంరా! వంటకి కరెంటెందుకు?” అంది అమ్మమ్మ.

పెద్దవాళ్ళు సమాజానికి భారమని చర్చావేదికల మీద వాదించే మిత్రులకు నేను అంకెలతో జవాబు చెప్పను. ఆ పెరటిని చూపిస్తాను. గాలికి రాలిన లేత పనసకాయలను మేమందరం నష్టమని చూశాం. అమ్మమ్మ వాటిని కూర అని చూసింది.

వీధి చివర ఉండే సత్తిరాజు తాత ఒకప్పుడు సంతలో పనసపొట్టు కొట్టి అమ్మేవాడు. చేతులకు నూనె రాసుకుని కత్తి పట్టాడు... టకటకటక... పొట్టు రవ్వల్లా రాలుతోంది. చర్చిలో ఏటా క్రిస్మస్ విందు వండించే మార్తమ్మగారు పొయ్యి బాధ్యత తీసుకున్నారు. పెరట్లో గాడిపొయ్యి తవ్విస్తే అడుగున నీళ్ళూరాయి. ఆవిడ తొణకలేదు. పశువుల పాకలో ఇటుకలు పేర్పించి, అటక మీద ఎండిన కొబ్బరి డొక్కలు దింపించి అంటించారు.

“ఏంటండీ సత్తిరాజుగారూ, పనసకాయ కొడుతున్నారా, దాన్ని నిద్రపుచ్చుతున్నారా?”

“ముందు మీ పొయ్యి రాజుకోనివ్వండమ్మా! నా పొట్టు చూసి మీ గుండిగ సిగ్గుపడతాది.”

ఏళ్ళుగా బట్టలుతికే బండగా బోర్లాపడి ఉన్న రుబ్బురోలును తిరగేసి కడిగి, అమ్మమ్మ ఆవపిండి నూరడానికి కూర్చుంది. ఆ ఘాటుకు వీధంతా తుమ్ములు! తలుపు తీసుకుని పిన్ని కూడా వచ్చింది... కళ్ళ నీళ్ళు ఏడుపువో, ఆవ ఘాటువో ఎవరికీ తెలియలేదు.

“పనీర్ కూర పెడతామని చెప్పాం... అది లేకపోతే పెళ్ళివారేమనుకుంటారో అమ్మా...”

“ముందు తిననీ. అనుకోడానికి నోరు ఖాళీ ఉండాలిగా!”

మర్నాడు ముహూర్తం ఘడియ దాటలేదు. అరిటాకుల ముందు పెళ్ళివారు మాటలు మానేశారు. మారు వడ్డించిన పొట్టుకూర కూడా అయిపోయాక పెళ్ళికొడుకు తండ్రి అమ్మమ్మను పిలిచారు.

“ఏ ఊరి కేటరింగండీ ఇది? మా రెండోవాడి పెళ్ళికీ వీళ్ళనే మాట్లాడుకుంటాం.”

అమ్మమ్మ పాకవైపు చూపించింది. అక్కడ ముఖం నిండా మసితో మార్తమ్మగారు, గోడకు చేరగిలబడి సత్తిరాజు తాత.

“మాట్లాడుకోండి అన్నయ్యగారూ... గాలివాన మాత్రం మీరే తెచ్చుకోవాలి!”

పంక్తి పంక్తంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది పిన్నే... మెడలో కొత్త పసుపుతాడుతో.

ఇప్పుడా ఊళ్ళో ప్రతి పెళ్ళికీ జనరేటరు వస్తోంది... సంతోషమే. పనసపొట్టు ప్యాకెట్లలో దొరుకుతోంది... అదీ సంతోషమే. కానీ ఆ టకటక శబ్దం వినబడక చాలా కాలమైంది.

మీ వీధిలో అలాంటి చేతులు ఎవరివి? వాళ్ళ పనేమిటి? కింద రాయండి... అంతకంటే ముందు, ఇవాళే వెళ్ళి వాళ్ళ పక్కన కాసేపు కూర్చోండి. కుదిరితే కత్తి అందుకోండి.