నాలుగో మూల

మొన్న ఆదివారం మా మనవరాలు ట్యాబ్ ముందు కూర్చొని, త్రిభుజంలో మూడు కోణాలు కలిపితే నూట ఎనభై డిగ్రీలని ఇంగ్లీషులో బట్టీ పడుతుంటే, వంటింట్లో మా ఆవిడ గరిటె ఆపి నావైపు ఒక చూపు చూసింది. ఆ లెక్క మా ఇంట్లో కొంచెం జాగ్రత్తగా మాట్లాడుకోవలసిన విషయం.

నాచారంలో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో కొత్తగా చేరి, పెళ్లి చేసుకొని, కిరాయి గదిలో కాపురం పెట్టిన రోజులవి. ఆ గదుల సంగతి మన తరం వాళ్లకు చెప్పనక్కరలేదు. ఒకరు లోపలికి రావాలంటే ఇంకొకరు మంచమెక్కాలి. అందుకే ఉప్పల్‌లో కొత్త కాలనీలో జాగా ఉందనగానే వెనకాముందూ చూడకుండా కొనేశాను. చూసి ఉంటే దానికి వెనక ఉంది గానీ ముందు లేదని తెలిసేది. రెండు రోడ్లు కలిసేచోట మిగిలిపోయిన మూడు మూలల ముక్క అది. ముందర ఉన్నది మొన ఒక్కటే.

మా ఆవిడ కీసర వైపు వ్యవసాయం చేసుకునే ఇంటి పిల్ల. జాగా చుట్టూ ఒకసారి తిరిగి, అందుకు ఎక్కువసేపు పట్టలేదు, "నాలుగో మూల యాడుంది?" అని అడిగింది. లేదన్నాను. మూడు మూలల ఇంట్లో పాలు పొంగియ్యనని, కట్టుకుంటే నన్నొక్కణ్ణే ఉండమని, తనకు కిరాయి గదే నయమని తేల్చేసింది.

బీఎస్సీ లెక్కలు చదివినవాణ్ణి గనుక ఊరుకోలేక, ఒక సాయంత్రం చాక్‌పీసుతో గచ్చు మీద త్రిభుజం గీసి, ఏ రెండు భుజాలు కలిపినా మూడోదానికంటే పెద్దవేనని, ఇనుప చట్రాల్లో పక్కకు ఒరగకుండా నిలిచేది త్రిభుజమేనని, మా ఫ్యాక్టరీ షెడ్డు కప్పంతా దాని మీదే ఆగిందని వివరించి, ఉత్సాహం పట్టలేక మూడు కోణాలూ కలిపితే నూట ఎనభై అని కూడా చెప్పాను. అంతా శ్రద్ధగా విన్నది.

"మరి నాలుగు మూలల ఇంటికెంత?"

"మూడు వందల అరవై."

"అంటే గిది సగం ఇల్లే గదా! చదువుకున్నోనివి, కొనేటప్పుడు జర లెక్క సూస్కోవద్దా?"

చాక్‌పీసు పక్కన పెట్టి మామగారికి కబురు పంపాను. ఆయన వచ్చి బతిమాలినా "సగం ఇంట్లకు నేను రాను నాయినా" అనే చెప్పింది.

పునాది తవ్వేముందు సున్నంతో గీతలు వేయడాన్ని మనవాళ్లు ముగ్గు పోయడం అంటారు. నన్ను గట్టెక్కించింది ఆ మాటే. రేపు పొద్దున మేస్త్రీ ముగ్గు పోస్తాడని యథాలాపంగా అన్నాను. తన ఇంటికి ముగ్గు ఇంకొకరు పోయడమేమిటని ఆవిడ నాకంటే ముందే తయారై బస్సెక్కింది. మేస్త్రీ చేతిలో తట్ట అందుకొని, మొనకు కాస్త ఇవతలగా, వంకర లేకుండా అడ్డంగా ఒక గీత పోసి, "గోడ గీడికే. ఇప్పుడెన్ని మూలలు?" అంది.

నాలుగే.

"మరి ఆ కొన?" అన్నాను.

"ఎవలన్న కూసుంటరు, తియ్యి."

జాగా తగ్గింది, డిగ్రీలు రెట్టింపయ్యాయి. బయటికి పోయిన ముక్కకు ఇంకో నూట ఎనభై వేరే. ఉప్పల్‌లో ఆ తరవాత చాలా పెరిగాయి గానీ, ఒక్క గీతకు ఇంత పెరిగింది నేను చూడలేదు. పాలూ పొంగాయి.

ఆ కొనలో ఒక బండ వేయించాం. షిఫ్టు దిగి వచ్చేవాళ్లు, కూరగాయల గంప దించుకునేవాళ్లు "జర కూసుంట వదినా" అంటూ ఆగేవారు. మా ఆవిడకు కాలనీలో చుట్టరికాలన్నీ అక్కడే కలిశాయి. ఇప్పుడు చుట్టూ అపార్టుమెంట్లు. లిఫ్టు దిగినవాళ్లు దిగినట్టే కారెక్కుతారు. ఆ కొన కలిపేసుకొని షట్టరు వేయించి దుకాణం పెట్టించమని తెలిసినవాళ్లు సలహా ఇస్తుంటారు. ఆవిడ వినదు, నేనూ చెప్పను. సాయంత్రం బండ కడిగి, తడి ఆరాక ఒక చివరకు జరిగి కూర్చుంటుంది, పక్కన ఇంకొకరికి చోటుండాలని. ఈమధ్య ఆ చోటు ఎక్కువగా నాకే దొరుకుతోంది.