నలభై ఒకటో పేజీలో కొట్టివేత

పార్సిప్పనీ, న్యూజెర్సీ, 2012 అక్టోబరు 9, మంగళవారం.

మా పక్కింటి కోచ్‌గారు పోయిన గురువారం కన్నుమూశారు. శనివారం సంతాప సభలో ఆయన శిష్యుడొకడు మాట్లాడాడు. అతను బేస్‌బాల్‌లో పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు. ఈ ఏడాది మేజర్ లీగ్‌లో, ఈ దేశపు ఆటలో అన్నిటికన్నా పై మెట్టు మీద, గెలుస్తూ వచ్చాడు. "నన్ను పైకి పంపింది కోచ్. అమ్మమ్మ రాసిన స్కోరు పుస్తకం కూడా. అది అబద్ధం చెప్పదు" అన్నాడు. మా మనవరాలిని చూసి జట్టంతా నన్ను అమ్మమ్మ అనే పిలుస్తారు. అందరూ నా వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నావి కావు. సంగతి తెలిసిన రెండో మనిషి ఇప్పుడు లేరు కనుక మన తెలుగు సంఘం పత్రికకు ఇది రాస్తున్నాను.

నేను ముప్పై రెండేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి, రిటైరై, కూతురి దగ్గరికి వచ్చాను. కోచ్‌గారూ రిటైరైన మాస్టారే. శని ఆదివారాల్లో ఊరి జట్టును ఆడించేవారు. చూపు మందగించి స్కోరు పుస్తకంలో గళ్లు కనబడక, ఒక రోజు మా మెట్ల దగ్గర వచ్చి నిలబడ్డారు.

"టీచర్, మీ మనవరాలి హోంవర్క్ మీద మీ కేకలు కిటికీలోంచి రోజూ వింటున్నాను. నాకు అలాంటి మనిషి కావాలి."

"మీ ఆట నాకు రాదు."

"ఆట నాకు వచ్చు. మీరు జరిగింది రాయండి, చాలు."

ఆయన మాట్లాడింది ఇంగ్లిష్‌లోనే. మనవరాలి దగ్గర నేర్చుకున్న 'గారు' ఒక్కటే తెలుగు. అది కూడా నా మీద కోపం వచ్చినప్పుడే వాడేవారు. ఆటకు ముందు మూడు పెన్సిళ్లు చాకుతో చెక్కి, వాటి చివరి రబ్బర్లు కోసేసి ఇచ్చేవారు. తప్పు రాస్తే చెరపకూడదు, అడ్డంగా ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాయాలి, కిందది కూడా చదవగలిగేలా ఉండాలి. అది ఆయన నియమం. నా పులిహోర చెంచాతో తింటూ, మిరపకాయలు ఏరి పళ్లెం అంచున వరసగా పేర్చడం ఇంకొకటి.

అప్పుడు మా పిచ్చర్‌కి ఇరవై ఏడేళ్లు. టైర్ల షాపులో పని. బంతిలో వేగం లేదని ఒక చిన్న జట్టు తీసేసింది. ఆటగాళ్లను ఏరడానికి వచ్చే స్కౌట్లు వేగం కొలిచే యంత్రం చూసుకుని, నాలుగు బంతులకే కార్లెక్కి వెళ్లిపోయేవారు. "యంత్రాన్ని చూస్తారు, బ్యాటు పట్టుకున్నవాడి మొహం చూడరు" అనేవారు కోచ్‌గారు. నా పుస్తకంలో మాత్రం అతని బంతి కొట్టలేక వెనక్కి నడిచినవాళ్లే వరసగా ఉండేవారు.

2009 ఆగస్టులో ఒక స్కౌట్ ఆట పూర్తయ్యేదాకా ఉండి పుస్తకం చూస్తానన్నాడు. సెప్టెంబరు నుంచి శనివారాలు కూడా షాపుకి రావాలని పిచ్చర్‌కి యజమాని చెప్పేశాడు.

"ఇదే ఆఖరు, అమ్మమ్మా. కాకపోతే ఇక టైర్లే" అన్నాడు నాతో.

ఆట చివర్లో ఎదుటి జట్టువాడు కొట్టిన బంతి నేల మీద దూసుకుంటూ ఫీల్డర్ పక్కనుంచి పోయింది. రెండు పరుగులు వచ్చాయి. ఫీల్డర్ చేతికి చిక్కి జారితే తప్పు అతనిది, పరుగులు పిచ్చర్ మీద వేయరు. అసలు అందకుండా పోతే పిచ్చర్ మీదే వేయాలి. అందలేదని నేను కళ్లారా చూశాను. అయినా ఫీల్డర్ తప్పు అని రాశాను. ఏ విద్యార్థికీ ఏనాడూ అర మార్కు కలపనిదాన్ని.

"ఏం రాశారు?" అని అడిగారు కోచ్‌గారు.

"ఫీల్డర్ తప్పు."

"టీచర్‌గారూ, బంతి తోలు గ్లవ్‌కి తగిలితే చప్పుడొస్తుంది. నాకేం వినపడలేదు."

"అతని బతుకండీ ఇది!"

"అందుకే. అతను ఎలాంటివాడో అలాగే చూసి తీసుకోవాలి. మీరు తయారుచేసినవాణ్ని తీసుకుంటే నెలకే తిప్పి పంపుతారు."

గీత కొట్టి, పక్కన నిజం రాశాను. స్కౌట్ నలభై ఒకటో పేజీలో ఆ గీత మీద వేలు పెట్టి ఇదేమిటన్నాడు. పొరపాటు, దిద్దానన్నాను. తలాడించి వెళ్లిపోయాడు.

కార్‌లో మనవరాలు, "అమ్మమ్మా, అంత సైలెంట్‌గా ఉన్నావేంటి? లూజ్ అయ్యామా?" అంది.

"గెలిచాం. నోరు మూసుకుని డ్రైవ్ చెయ్."

మూడు వారాలు నేను కోచ్‌గారితో సరిగా మాట్లాడలేదు. అప్పుడు పిచ్చర్‌కి ఫోన్ వచ్చింది, ఒక మేజర్ లీగ్ జట్టు కింద ఉండే అట్టడుగు జట్టులో చోటిస్తామని. తప్పులు కూడా కనబడేలా ఉంచిన పుస్తకం కాబట్టి మిగతా పేజీలు నమ్మానని స్కౌట్ చెప్పాడట. కోచ్‌గారు నాతో ఒక్కసారి కూడా "చూశారా" అనలేదు.

ఈ జూన్‌లో పెద్ద జట్టులో ఇద్దరు పిచ్చర్లకు దెబ్బలు తగిలాయి. ఒక్క రోజు అవసరానికని మావాణ్ని పిలిచారు. మధ్యాహ్నం ఆట. కోచ్‌గారి వరండాలో రేడియో పెట్టుకుని కూర్చున్నాం. ఆటకు ఉండే తొమ్మిది ఇన్నింగ్స్‌లో వరసగా ఏడు అతనే వేసి, ఒక్క పరుగు కూడా ఇవ్వలేదు. "ఎవరితను? ఇన్నాళ్లూ ఎక్కడ దాచారు?" అన్నాడు వ్యాఖ్యాత.

"ఎక్కడా దాచలేదు నాయనా, మా వీధి చివర టైర్ల షాపులోనే ఉన్నాడు!" అని రేడియోకి జవాబిచ్చారు కోచ్‌గారు.

ఒక్క రోజుకని వెళ్లినవాడు సీజన్ ముగిసేదాకా పెద్ద జట్టులోనే ఉన్నాడు.

ఇక జరగవలసినవి:

1. నలభై ఒకటో పేజీని ఎవరూ శుభ్రంగా తిరగరాయకూడదు. పుస్తకాలన్నీ జట్టువే.

2. ఏప్రిల్‌లోగా కొత్త కోచ్ దొరకాలి. స్కోరు నేనే రాస్తాను. నా పక్కన కూర్చుని నన్ను ప్రశ్నించే మనిషి కూడా కావాలి.

3. ఆదివారం పిచ్చర్ మా ఇంటికి భోజనానికి వస్తున్నాడు. ఇది అచ్చయ్యేలోగా, ఆ గీత ఎందుకు కొట్టానో అతనికి నా నోటితో చెప్పాలి. అన్నం పెట్టాక కాదు, విస్తరి వేయకముందే.