ఎదురింటి ముగ్గు

నేను వేసే ప్రతి బొమ్మలోనూ ఎక్కడో ఒకచోట తెల్లరంగు చిన్న కుప్పగా పడి ఉంటుంది. సన్నగా సాగుతున్న గీత అక్కడ ఉన్నట్టుండి లావెక్కి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు ముందుకు పోతుంది. ఇంగ్లండులో నా బొమ్మలు చూడ్డానికి వచ్చేవాళ్ళు దాని మీద వేలు పెట్టబోయి, ముట్టుకోకూడదని గుర్తొచ్చి ఆగిపోతారు. ఇదేమిటని అడుగుతారు. చెయ్యి జారిందని చెబుతాను. మీ ఊళ్ళో ఆడవాళ్ళు రోజూ ఇంత సంతోషంగా అతిథులకి స్వాగతం పలుకుతారా అని కూడా అడుగుతారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. అయినా టికెట్టు కొనుక్కుని వచ్చినవాళ్ళు కదా అని నవ్వి ఊరుకుంటాను.

ఈ బొమ్మల పిచ్చి అరవైల చివర్లో, నేను ఆ దేశం వెళ్ళిన మొదటి చలికాలంలో మొదలైంది. మా ఆయన మిల్లుకి వెళ్ళిపోతే ఇంట్లో నేనొక్కదాన్నే. గుమ్మం ముందు రాతిమెట్ల మీద మంచు గట్టిగా పేరుకుని ఉంది. జారిపడతావు, ఉప్పు చల్లు అని పక్కింటావిడ ఒక డబ్బా ఇచ్చింది. ఉప్పు రెండు వేళ్ళ మధ్యకి రాగానే నా చెయ్యి నన్ను అడక్కుండానే చుక్కలు పెట్టేసింది, చుక్కల చుట్టూ గీత తిప్పేసింది. లోపలికి వెళ్ళి కాఫీ తాగి వచ్చి చూస్తే, ఉప్పు పడిన మేరకి మంచు కరిగి కింది నల్లరాయి బయటపడింది. తెల్లటి నేల మీద నల్లటి ముగ్గు. భయమేసి వేడినీళ్ళు పోసి చెరిపేశాను. తర్వాత ఒక అట్టముక్క తీసుకుని తెల్లరంగుతో మళ్ళీ అదే ముగ్గు వేశాను. అది మా పిన్ని ముగ్గు.

పిన్ని మా అమ్మకి చెల్లెలు. జగ్గయ్యపేటలో మా ఎదురిల్లే ఆమె అత్తవారిల్లు. అమ్మమ్మా తాతయ్యా పోయాక, చెల్లెలు కళ్ళముందే ఉంటుందని అమ్మే ఆ సంబంధం చూసింది. రెండిళ్ళకీ మధ్య ఒక ఎడ్లబండి పోయేంత వీధి, అంతే. కానీ ఆ వీధి దాటి రావాలంటే పిన్ని వాళ్ళ అత్తగారు ఊఁ అనాలి. ఆవిడ ఊఁ అనేది కాదు. అందుకని అక్కచెల్లెళ్ళిద్దరూ పొద్దున్నే ఎవరి గుమ్మం ముందు వాళ్ళు వంగి ముగ్గు వేసుకుంటూ, తల ఎత్తకుండా కబుర్లు చెప్పుకునేవాళ్ళు. నవ్వొస్తే ఇద్దరికీ గీత వంకర పోయేది.

నాకు ముగ్గు నేర్పింది పిన్నే. అమ్మ గీత నిండుగా, గట్టిగా పడేది. పిన్నిది దారప్పోగంత సన్నం, మలుపు తిరిగేచోట చిన్న ఊపు ఉండేది. వీధిలో వాళ్ళకి ఆ తేడా తెలిసేది కాదు. అక్కచెల్లెళ్ళది ఒకటే చెయ్యి అనేవాళ్ళు. కళ్ళున్నాయో లేవో వీళ్ళకి అనుకునేదాన్ని.

యాభైల్లో, నేను చిన్నబడిలో ఉండగా, పిన్నికి దగ్గు పట్టుకుంది. అప్పటికి ఆమె కూతురు ఇంకా అడుగులు వేయడం లేదు. మొదట పొడిదగ్గే అన్నారు. తర్వాత కొంగులో నెత్తురు పడుతోందని అమ్మకి తెలిసింది. బెజవాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్తానని అడగడానికి అమ్మ ఎదురింటికి వెళ్ళింది. వెనకే నేనూ వెళ్ళాను.

"ఇప్పుడా అమ్మాయ్?" అంది అత్తగారు. "మా పిల్ల పెళ్ళి పెట్టుకుని కోడల్ని ఆసుపత్రిలో పడేస్తే ఏమనుకుంటారు జనం? క్షయ ఉన్న కొంపని నందిగామ వాళ్ళ చెవిన పడిందా, సంబంధం వదులుకుంటారు. పెళ్ళి కానీ. మర్నాడే తీసుకెళ్ళు, నేనేం వద్దంటానా?"

"అందాకా అది ఉండాలి కదా అత్తయ్యగారూ," అంది అమ్మ.

"శుభమా అని పెళ్ళి పెట్టుకుంటే అవేం మాటలమ్మా!"

బాబాయి, అంటే పిన్ని మొగుడు, స్తంభానికి ఆనుకుని నిలబడి గోళ్ళు చూసుకున్నాడు. మా నాన్నని అడిగితే వాళ్ళింటి సంగతి మనకెందుకన్నాడు. ఆ ఇద్దరు మగవాళ్ళనీ నేను ఇప్పటికీ క్షమించలేదు, క్షమించే ఉద్దేశం కూడా లేదు.

ఇక మాకు మిగిలింది ఎదురుచూడ్డం. పెళ్ళి అయ్యేదాకా పిన్ని బతికి ఉండాలి. అమ్మ బట్టలు సర్ది, ట్రంకుపెట్టె గుమ్మం పక్కనే పెట్టుకుంది. పిన్నిని చూడనిచ్చేవాళ్ళు కాదు. పెళ్ళిపనుల్లో ఉంది, పడుకుంది, ఇప్పుడే నిద్రపట్టింది అని గుమ్మంలోంచే తిప్పి పంపేవాళ్ళు. ఆమె బతికి ఉందని మాకు తెలిసేది ముగ్గు చూసే. చావు జరిగిన ఇంటి ముందు మైల తీరేదాకా ముగ్గు వేయరు. తెల్లారేసరికి ఏ గుమ్మం ముందైనా నేల ఉత్తిగా కనిపిస్తే, మా వీధి ఆడవాళ్ళు ఎవరూ చెప్పకుండానే బిందె దించి అటు నడిచేవాళ్ళు.

పిన్నికి జ్వరంలోనూ ముగ్గు తప్పలేదు. కోడలి చేతి ముగ్గు వీధిలో కనపడకపోతే అందరికీ అనుమానం వస్తుందని అత్తగారి భయం. మేం లేచేసరికే ఆమెని చీకట్లో బయటికి తెచ్చి, వేయించి, మళ్ళీ లోపలికి తీసుకుపోయేవాళ్ళు.

"ముగ్గుందా?" అని అమ్మ పొయ్యి దగ్గర నుంచే అడిగేది.

"ఉందమ్మా."

"దానిదేనా?"

"పిన్నిదే."

నేను చూసిందంతా అమ్మకి చెప్పేదాన్ని కాదు. ముగ్గు రోజురోజుకీ చిన్నదవుతోంది. దగ్గొచ్చిన చోట గీత తెగిపోయి, కాస్త పక్కనుంచి మళ్ళీ మొదలవుతోంది. ఒకరోజు చుక్కలు మాత్రం పెట్టి, సగం మాత్రమే కలిపింది. ఇంకోరోజు ముగ్గు పక్కన తడిమట్టిలో అరచేతుల గుర్తులు కనిపించాయి. వేయడానికి వంగి, లేవలేక నేలకి చేతులు ఆనించిందన్నమాట. పెళ్ళివారింట్లో ఆకులూ అరటిగెలలూ దిగుతున్నాయి, పందిరి లేస్తోంది, నాకేమో ఆ చేతుల గుర్తులు కళ్ళముందు నుంచి పోవడం లేదు. బడిలో పలక మీద కూడా సగం ముగ్గులే వేసి తిట్లు తిన్నాను.

పెళ్ళినాడు నేను లేచేసరికి అమ్మ ఇంట్లో లేదు. పరిగెత్తుకుని వీధిలోకి వచ్చాను. ఎదురింటి ముందు పందిరి పొడవునా పెద్ద ముగ్గు ఉంది. నీళ్ళబిందెలతో పోతున్న ఆడవాళ్ళు ఆగి, కోడలు ఎంత బాగా వేసిందో, దాని ఒళ్ళు కుదుటపడిందల్లే ఉంది అని మెచ్చుకుంటున్నారు.

గీత నిండుగా, గట్టిగా ఉంది. మలుపుల్లో ఊపు లేదు. పందిరి తూర్పు రాట దగ్గర పిండి గుప్పెడంత కుప్పపడి ఉంది. అంత పిండి వృథా చేసే మనిషి కాదు అమ్మ. కానీ అది అమ్మ ముగ్గే.

అంతలో అమ్మ ఆ ఇంట్లోంచి వచ్చింది. చంకలో పిన్ని కూతురు ఉంది. అమ్మ గోళ్ళలో తెల్లగా పిండి ఇరుక్కుని ఉంది.

"నువ్వేసావేంటమ్మా? పిన్నేది?" అన్నాను గట్టిగా.

అమ్మ నన్ను చెంప మీద కొట్టింది. అప్పటిదాకా నా మీద ఒక్క దెబ్బ వేసి ఎరగదు. "నోరెత్తావంటే చంపేస్తా," అంది, పెదవులు కదపకుండా.

నందిగామ వాళ్ళు చిల్లకల్లు దగ్గర బస్సు దిగి, బండ్ల మీద వచ్చారు. వరుడి తల్లి ముగ్గు తొక్కకుండా పక్కనుంచి నడిచి, చాలా బాగుంది వదినగారూ అని మెచ్చుకుంది. మీ కోడలేదని అడిగితే, పిల్లదానికి పాలిస్తోందని చెప్పింది అత్తగారు. ఆ పిల్లేమో అక్కడే మా అమ్మ ఒళ్ళో ఉంది. ఎవరూ పట్టించుకోలేదు. పెరటివైపు గదికి గొళ్ళెం పెట్టి ఉంది. అమ్మ ఆ తలుపుకి వీపు ఆనించి కూర్చుంది. సన్నాయి మోగినంతసేపూ, భోజనాలు అయినంతసేపూ అక్కడి నుంచి లేవలేదు, పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఆ తలుపు కిందినుంచి ఏదైనా చప్పుడు వస్తుందేమోనని నేను చెవి పెట్టి విన్నాను. ఏమీ రాలేదు. చెంప మీది దెబ్బ ఇంకా మండుతుంటే, అమ్మ పక్కన కూర్చోవడానికి కూడా నాకు భయమేసింది.

సాయంత్రం పెళ్ళికూతుర్ని ఎక్కించుకుని బండ్లు కదిలాయి. అవి వీధి మలుపు తిరిగాయో లేదో, అత్తగారు గుండెలు బాదుకుంటూ ఏడుపు లంకించుకుంది. కోడలు అప్పుడే పోయిందట. ఎవరో రెండు బిందెల నీళ్ళు తెచ్చి ముగ్గు మీద గుమ్మరించారు. తెల్లటి నీళ్ళు పారుకుంటూ మా గుమ్మం దాకా వచ్చాయి.

ఆ తర్వాత పిన్ని కూతురు మా ఇంటికి వచ్చేసింది. వాళ్ళు ఒక్కమాట అడ్డు చెప్పలేదు. బాబాయి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. పిల్ల నాకు చెల్లెలైంది, అమ్మని అమ్మా అనే పిలిచేది. అమ్మ మాత్రం మళ్ళీ ముగ్గుపిండి ముట్టుకోలేదు. మా గుమ్మం కొన్నాళ్ళు ఉత్తిగానే ఉండి, వీధిలో చెవులు కొరుక్కోవడం మొదలయ్యాక నేను వేయసాగాను. నాకు అమ్మ మీద ఇంకో కోపం కూడా ఉండేది. నేను పదిసార్లు పిలిచినా ఉండవే వస్తున్నా అనేది. చెల్లి ఒక్కసారి పిలిస్తే చాలు, పొయ్యి మీద ఎసరు పొంగుతున్నా వదిలేసి పరిగెత్తేది. కన్నకూతురి మీద లేని ప్రేమ దాని మీద ఉందని ఏడ్చేదాన్ని.

నేను ఇంగ్లండు బయల్దేరే ముందు, వెంట తీసుకెళ్ళే కారానికని అమ్మా నేనూ వసారాలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్నాం. చెల్లి వీధిలో ముగ్గు వేస్తోంది. ఇక అడక్కపోతే ఎప్పటికీ అడగలేనని, ఇన్నేళ్ళుగా లోపల కుళ్ళుతున్నది కక్కేశాను.

"శవాన్ని లోపల పెట్టి బయట ముగ్గేసావు. సొంత చెల్లెలు పోతే వాళ్ళ అబద్ధానికి కాపలా కూర్చున్నావు. చేతులెలా వచ్చాయమ్మా నీకు?"

అమ్మ ఇంకో మిరపకాయ తొడిమ తుంచింది.

"అది పోయాక వెయ్యలేదే నేను," అంది. "ఎగశ్వాస వచ్చిందని తెల్లారుజామున నన్ను పిలిపించారు. లోపలికి వెళ్ళబోతే ఆవిడ అడ్డం నిలబడింది. ముందు ముగ్గెయ్, మీ ఇద్దరి చెయ్యీ ఒకటే, ఎవరూ గుర్తు పట్టరు అంది. దాని పిల్లని నాకిస్తానని దేవుడి మీద ఒట్టేస్తే వేస్తానన్నా. వేసింది ఒట్టు. ఆ కొంపలో పిల్ల కూడా దగ్గి దగ్గి పోయేదేనే."

అమ్మ ఇంకో గుప్పెడు మిరపకాయలు ఒళ్ళో పోసుకుంది.

"తూర్పు రాట దగ్గరికొచ్చేసరికి లోపల్నుంచి పిలిచింది, అక్కా అని. చెయ్యాగిపోయింది. పిండంతా అక్కడే పడిపోయింది. ఆవిడ గుమ్మంలోనే ఉంది, నన్నే చూస్తా. మధ్యలో లేస్తే మాట తప్పుద్దేమోనని లేవలా. మళ్ళీ పిలిచింది. వేస్తానే ఉన్నా. పూర్తి చేసి వెళ్ళేసరికి..."

అమ్మ చేతిలో మిరపకాయ నలిగిపోయింది.

"అమ్మా!" అని చెల్లి వీధిలోంచి పిలిచింది. ముగ్గు బాగుందో లేదో చూడమని.

అమ్మ ఒళ్ళో మిరపకాయలన్నీ చెల్లాచెదురుగా పడుతుండగా లేచి పరిగెత్తింది.