పరగడుపున రండి

మా నాన్న నోట్లో నాలుక లేని మనిషని మునగపాకలో పేరు. బెల్లం వండే పెనం దగ్గర మాత్రం ఆ నాలుకదే పెత్తనం. పాకం వేలికి తీసుకుని రుచి చూస్తే గానీ దించమని చెప్పడు.

కిందటేడు చెరకు ఆడడం మొదలైన వారానికి ఆయన కాలి బొటనవేలికి పుండు లేచింది. అసలే షుగరు మనిషి. అనకాపల్లిలో నేను పనిచేసే బట్టల కొట్లో సెలవు అడిగి, ఆయన్ని ధర్మాసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడ అన్నీ ఉచితమే, మన రోజులు తప్ప. చీటీకీ డాక్టరుకీ పొద్దంతా పోయింది. "రేపు పరగడుపున రండి, రక్తం తీస్తారు," అన్నారు.

నరికిన చెరకు మనకోసం ఆగదు, రసం పులిసిపోతుంది. అందుకని నాన్న మర్నాడు తెల్లవారుతూనే ఒక పెనం దించి మరీ బస్సెక్కాడు. రక్తం తీసే చోట నర్సమ్మ అడిగింది.

"ఏమైనా తిన్నారా తాతగారూ?"

"ఏటీ తిన్లేదమ్మా. పాకం సూసేను, అంతే."

వరసంతా ఘొల్లుమంది. నర్సమ్మ కూడా నవ్వి, ఇంకో రోజు రమ్మంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "నీకు బుద్ధుందా నాన్నా!" అని అంతమందిలో అరిచాను. "అలవాటైపోనాదమ్మా," అని తలొంచుకున్నాడు. అలా అరిచినందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

ఆ ఇంకో రోజు రావడానికి పదిహేను రోజులు పట్టింది. ఆయనకు తీరికైన రోజున నాకు సెలవివ్వలేదు. నాకు సెలవు దొరికిన రోజున పెనంలో రసం మరుగుతోంది. ఇద్దరికీ కుదిరింది ఆదివారం, ఆ రోజు డాక్టర్లు చూడరు. ఫోన్‌లో అడిగితే "తగ్గింది" అనేవాడు. నమ్మేశాను. నమ్మితే నా సెలవు మిగులుతుంది, ఎందుకు నమ్మను?

చివరికి వెళ్ళేసరికి వేలు నల్లబడి, ఆ నలుపు పాదంలోకి పాకింది. "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?" అని డాక్టరు కసిరాడు. ఏ రోజు ఏం జరిగిందో వరసగా చెప్పగలను. అది వినడానికి ఆయన ఆగలేదు. పాదం తీసెయ్యాలి, ఇవాళే చేర్చమన్నాడు.

నాన్న చేతులు జోడించాడు. "సాయంత్రం బస్సుకి ఒగ్గేత్తారా బాబూ? సెరుకు నరికించేసేను."

ఆయన్ని వదిలిపెట్టే మాటే లేదు. ఆపరేషనుకి సంతకం పెట్టమని నాకొక కాగితం ఇచ్చారు. పెట్టాను. ఆ పని మాత్రం ఒక్క నిమిషంలో అయిపోయింది.