సూదక్క కుట్టిన కాగితం

పుస్తకం చేతికొస్తే ముందు దాని వెన్ను కాస్త విప్పి చూసే పాడలవాటు నాకుంది. రాసినవారి పేరుంటుంది, అచ్చేసినవారి పేరుంటుంది. కుట్టినవారి పేరు ఎన్ని ఊళ్లు తిరిగినా కనబడలేదు. బైండింగు షాపు మేడ మీద అద్దెకున్నప్పుడు గానీ ఆ సంగతి తలకెక్కలేదు.

కింద కుట్టుబల్ల సూదక్కది. పందొమ్మిదేళ్లుగా ఫారాలు, అంటే అచ్చైన పెద్ద కాగితాలు, మడిచి కుడుతోంది. పక్కబల్ల మీద మొగుడు అట్టలంటిస్తాడు. హాజరుపట్టీలో అతను 'బైండరు', ఆమె 'సాయం'. సాయానికి సగం జీతం.

ఒక పొద్దున యజమాని స్వయంగా టీ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. సూదక్క ముట్టలేదు.

"ఏంటి బాబూ, ఉన్నట్టుండి ఇంత ప్రేమ?"

"మగాళ్ల సంపాదనెంత, ఆడాళ్లదెంత అని రాసుకోడానికి లేబరాఫీసు నుంచి వస్తున్నారమ్మా. ఏం పనంటే సాయమని చెప్పెయ్."

కొత్త జీతాలు ఆ రాతను బట్టే ఉంటాయని పక్క ప్రెస్సులో ఆమె అప్పటికే విని ఉంది. మొగుడి వైపు తిరిగింది.

"నీకు ముందే తెలుసు కదూ?"

"నాకేం తెలుసే తల్లీ!" అన్నాడు, జిగురు గిన్నెలోకి చూస్తూ.

"మరి ఆ ముక్క గిన్నెకెందుకు చెప్తున్నావ్?"

ఇంతలో ఆఫీసు అమ్మాయి విడికాగితాల కట్టతో, పెన్సిలుతో వచ్చింది.

"మీరేం పని చేస్తారమ్మా?"

యజమాని దగ్గాడు. మొగుడు అందుకున్నాడు: "నాకు సాయమండీ."

"సరే, ఇవాళ నేను కుట్టను. సాయం లేకుండా దేనికి అట్టేస్తావో వెయ్యి. ఈ అమ్మాయి కూడా చూస్తుంది."

అతని బల్ల మీద అట్టలే ఉన్నాయి. కాసేపు వాటిని అటూ ఇటూ సర్దాడు.

"తనూ బైండరేనండీ" అని గొణిగాడు. "అసలు పని తనదే."

"పెన్సిలొద్దమ్మా, పెన్నుతో రాయి" అంది సూదక్క.

రాసిన కాగితం కట్టలోకి వెళ్లింది. యజమాని చూపూ దాని వెంటే వెళ్లింది. అది సూదక్క కంటబడింది.

"విడికాగితాలు! నాది జారిపోతే ఎవర్నడగను? ఇలా తే."

కట్ట అంచున ఐదు బెజ్జాలు పొడిచి, కుట్టి, ముడేసి, దారం పంటితో తెంపింది.

"ఇప్పుడు ఎవరైనా కాగితం లాగితే, చిరిగిన మొదలు ఈ కుట్టులోనే ఉండిపోతుంది."

ఆ అమ్మాయి కట్టను సంచిలో పెట్టుకుని వీధి మలుపు తిరిగేదాకా సూదక్క గుమ్మంలోనే నిలబడి చూసింది. తిరిగొచ్చి, చల్లారిన టీ మొగుడి వైపు నెట్టింది.

"తాగు. దీనికి మాత్రం నువ్వు సాయం చెయ్యి."