‘వస్తా’ అనే మీట

మూడేళ్ల కిందటి ఏప్రిల్‌లో మా సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు నన్ను మార్కాపురం పంపారు. ఆ ఉద్యోగం ఇప్పుడు మానేశాను; అప్పటి హోదా జూనియర్ డెవలపర్. పన్నెండు నీళ్ల ట్యాంకర్లు ఎక్కడున్నాయో చూపించే తెర మేం చేసిందే. రోజూ మధ్యాహ్నం రెండింటికి అది బిగుసుకుపోయేది. ఆపి తెరిస్తే నడిచేది గానీ, మిగిలిన ట్రిప్పుల వరుస చెరిగిపోయేది. వరుసలో చివరిది పుల్లలచెరువు వైపు ఒక పల్లె. ఆ వారం రెండు రోజులు అక్కడికి నీళ్లు అందలేదు. వాళ్ల ఫోన్లకు జవాబు చెప్పాల్సింది తెర ముందు కూర్చునే రమణక్క.

ఆపి తెరిస్తే బాగవుతోందంటే మెమరీ నిండుతోందన్నమాట. లోపల చూస్తే లిజనర్లు నూరు దాటాయి. లిజనర్ అంటే ఫలానాది జరిగితే చెప్పమని కాచుకుని ఉండే చిన్న కోడు. బయల్దేరేటప్పుడు డ్రైవరు ఫోన్‌లో ‘వస్తా’ నొక్కితే ఆ ట్రిప్పుకు ఒకటి పుడుతుంది, నీళ్లు పోశాక ‘పోతా’ నొక్కితే తొలగుతుంది. ఈలోగా మిగతా ప్రోగ్రాం ఆగదు కాబట్టి, ఎదురుచూపు మిగిలిపోయినా పైకి కనపడదు. తొలగని ప్రతి లిజనరూ తన ట్రిప్పు మ్యాపును మెమరీలో పట్టుకునే ఉంటుంది. మా కంపెనీ ఆఫీసులో రెండు మీటలూ వరసగా నొక్కి పరీక్షించినప్పుడు ఒక్కటీ మిగల్లేదు.

ఇక్కడెందుకు మిగులుతున్నాయో చూద్దామని మర్నాడు డ్రైవరు మస్తాన్ పక్కన కూర్చుని తర్లుపాడు వైపు వెళ్లాను. డ్రమ్ములు నింపి బండి తీస్తూ అతను మళ్లీ ‘వస్తా’నే నొక్కాడు. ‘పోతా’ ఎందుకు నొక్కలేదని అడిగాను.

“ఏంది నాయనా, ఊళ్లోంచి కదిలేటప్పుడు పోతా అంటారా ఎవురన్నా? మీ అమ్మతో మాట్లాడి ఫోను పెట్టేటప్పుడు నువ్వేమంటావు?”

నేనూ ‘వస్తా’ననే అంటాను. పన్నెండు మందీ అట్లాగే నొక్కుతున్నారు. ట్రిప్పుకు రెండు లిజనర్లు పుడుతున్నాయి, తొలగేది ఒక్కటీ లేదు.

విషయం చెప్తే రమణక్క నవ్వలేదు. “పేర్లు పెట్టేముందు మమ్మల్నొక మాట అడిగుంటే నీ సొమ్మేం పోయేది సారూ” అంది.

మీటలను ‘బయల్దేరినాం’, ‘నీళ్లు పోసినాం’ అని మార్చాను. పని అయిపోయిందనుకున్నాను. ఆ పూటే ఒక డ్రైవరు ఫోను దారిలో ఆగిపోయింది. అతని లిజనరు అట్లాగే మిగిలింది. అప్పుడు కోడు తిరగరాశాను. లిజనరును తగిలించిన చోటే దాని తొలగింపునూ ‘ఫైనలీ’ అనే భాగంలో పెట్టాను. ట్రిప్పు పూర్తయినా, రద్దయినా, గడువు దాటినా ఆ భాగం నడిచి తీరుతుంది. మర్నాడు రెండు దాటినా తెర ఆగలేదు. నాలుగింటికి చివరి పల్లెలో ట్యాంకరు నిలబడింది.

తప్పు డ్రైవర్లది కాదు, మాటదీ కాదు. మొదలైన ఎదురుచూపును ముగించే పనిని, వస్తుందో రాదో తెలియని ఇంకో కబురుకు వదిలేశాను.